పడవ లేని నీడ

"పడవలు రెండు. నీళ్లలో నీడలు మాత్రం మూడు. మూడో పడవేది?"

బల్ల మీదకు వంగినవాడు వంగినట్టే అడిగాడు భూతద్దం. అది ఆయన అసలు పేరు కాదు. పాత బొమ్మల్లో అసలేదో నకిలీ ఏదో తేల్చే ఆ పెద్దమనిషికి మ్యూజియం వాళ్లు చాటుగా పెట్టుకున్న పేరు. ఆయన కాదన్న బొమ్మ మళ్లీ గోడెక్కిన దాఖలా లేదు.

బల్లకు అవతల డాక్టరమ్మ నిలబడి ఉంది. ఆమె వైద్యం చేసేది మనుషులకు కాదు, చివికిన కాగితాలకు. తెరచాపలో పక్షి రెక్కలో తేలనంత మసితో వచ్చిన ఈ పెన్సిల్ బొమ్మను వారం రోజులు రబ్బరు పొడితో మెల్లగా రుద్ది ఈ రూపుకు తెచ్చింది ఆమే. పంతొమ్మిదో శతాబ్దం నాటిదని కింద మూలన తేదీ చెబుతోంది. ఎల్లుండి ప్రదర్శనలో మొదటి గోడ దీనిదే. అది సజావుగా జరిగితే డాక్టరమ్మ ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే నెలాఖరుకు ఇంటికే.

"మాట్లాడవేంటమ్మా?" అన్నాడు పక్కనే ఉన్న మ్యూజియం డైరెక్టరు. "ఆయన అడుగుతున్నారుగా!"

"చూస్తున్నాను సార్."

"ఇందులో చూసేదేముంది?" భూతద్దం నడుం నిటారుగా చేశాడు. "ఒడ్డున కూర్చుని గీసినవాడు పడవను మరిచిపోయి నీడ గీస్తాడా? ఎక్కడో చూసి కాపీ కొట్టినవాడే ఇలా దొరికిపోతాడు. నకిలీ అని రాసిచ్చేస్తాను."

డైరెక్టరు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "ఆహ్వానాలు కూడా పంచేశామండీ!"

"పంచారని అబద్ధం నిజమవుతుందా?"

భూతద్దం కలం మూత తీశాడు. డాక్టరమ్మ పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. ఈ వయసులో మళ్లీ ఉద్యోగాల వేట తన వల్ల కాదు.

"ఒక్క నిమిషం మాస్టారూ." ఆ మాట ఆమెకు తెలియకుండానే బయటపడింది. "మరిచిపోయాడని ఎందుకనుకోవాలి? గీయలేకపోయాడేమో."

"అంటే?"

"ఈ రెండు పడవల్లోని మనుషులు ఎటు చూస్తున్నారో చూడండి. ఒడ్డు వైపు కాదు, తెరచాపల వైపు కాదు. అంతా ఆ ఖాళీ వైపే. వీళ్లతో వెళ్లిన మూడోది తిరిగి రాలేదేమో. రాని పడవను ఎలా గీస్తాడు? నీడనైనా దాచుకుందామనుకున్నాడేమో. గీసినవాడి మనిషే ఎవరో అందులో ఉండి ఉంటారు."

చివరికొచ్చేసరికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

భూతద్దం మళ్లీ వంగాడు. పడవల్లోని ఒక్కో ముఖాన్నీ వరసగా చూశాడు.

"నిజమే. అందరూ అటే చూస్తున్నారు." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నలభై ఏళ్లుగా గీసిన గీతల్నే చూస్తున్నాను. గీయని గీత గురించి ఆలోచించలేదమ్మా. మా తమ్ముడూ ఇలాగే సముద్రం మీదకు వెళ్లి..."

ఆయన కలం అందుకున్నాడు. 'అసలుదే' అని రాసి సంతకం పెట్టాడు.

డైరెక్టరుకు ప్రాణం లేచి వచ్చింది. "నువ్వు చెప్పిందే పొల్లు పోకుండా బొమ్మ కింద రాయిస్తాను. ఇక నీ ఉద్యోగానికి ఢోకా లేదు, పో!" అంటూ పెద్దాయన్ని సాగనంపడానికి వెళ్లాడు.

తలుపు మూసుకుంది. డాక్టరమ్మ కూలబడింది. బొమ్మ వైపు మాత్రం కళ్లెత్తలేకపోయింది.

నిన్న ఆమె మసి అనుకుని రుద్ది చెరిపేసేదాకా అక్కడ పడవ ఉంది.