ఉప్పు పట్టిన చొక్కాలు

మే నెలాఖరులో కన్నబాబు శవం గల్ఫ్ నుంచి పెట్టెలో సముద్రం ఒడ్డునున్న జాలారిపేటకి వచ్చింది. మూత తీయనివ్వలేదు. కాగితంలో గుండె ఆగిపోయిందని ఒక్క ముక్క రాశారు.

"గుండె ఆగకుండా ఎవుడైనా పోతాడేటి?" అని భార్య గంగాలమ్మ ఆ కాగితాన్ని విసిరికొట్టింది.

పెట్టెతోపాటు ఒక సంచి కూడా వచ్చింది. అందులో నాలుగు చొక్కాలు. వీపు మీద తెల్లగా ఉప్పు పేరుకుని అట్టలు కట్టాయి. గంగాలమ్మ వేలితో గీకి నాలిక మీద వేసుకుంది.

"సూసేవా? సముద్రమే తినేసింది మీ బావని," అంది తమ్ముడు ఉమామహేష్‌తో.

బోటు మీద పనేనని కన్నబాబు ఫోన్లో రోజూ చెప్పేవాడు. అయినా జాలారిపేటలో పుట్టినదానికి ఉప్పు సంగతి ఒకరు చెప్పాలా? ఇక్కడ వేసవిలో చెమటకి తడిసిన చొక్కా పొద్దుపోయేదాకా ఒంటికి అంటుకునే ఉంటుంది. తెల్లగా ఉప్పు తేలేది బోటు దిగి వచ్చిన చొక్కాకే.

ఉమామహేష్ కూడా బోటు ఎక్కేవాడే. అమ్మ పోయాక వాణ్ని గంగాలమ్మే పెంచింది. ఇప్పుడు ఆమెకు మిగిలింది వాడొక్కడే. సముద్రంలో చేపల వేట మీద వేసవి నిషేధం ఎత్తేసే రోజు దగ్గరపడుతోంది. ఆమెకు అన్నం సహించడం లేదు.

"నువ్వింక ఏటకెల్లకు."

"ఏట మానేసి ఏటి సెయ్యమంటావే అప్పా?"

"ఏదైనా సెయ్. సముద్రంలో కాలెట్టేవంటే నా సవాన్నే సూత్తావు."

వాడు తలొంచాడు. మద్దిలపాలెంలో, పై దేశాల పనులకి మనుషుల్ని పంపే ఏజెంటు దేవీప్రసాద్ దగ్గరికి గంగాలమ్మే వెంటబెట్టుకుని వెళ్ళింది.

"గల్ఫైనా పర్లేదు బాబూ. సముద్రం కంటికి కనపడని సోటు సూడు," అని బతిమాలింది.

దొరికింది. ఎడారి మధ్యలో పైపులైను పని. జూలైలో విమానం ఎక్కాడు. చేరిన మర్నాడే ఫోన్ చేశాడు.

"ఎండెలాగుందిరా?"

"మనూర్లోలాగ ఉక్క నేదే అప్పా. గాలి పొడిపొడిగా కొడతంది. ఒంటి మీద సుక్క సెమట కనపడదు."

గంగాలమ్మ "అమ్మయ్య" అనుకుంది. చెమటే పట్టని చోట ఎండేం చేస్తుంది? మొగుడు పోయాక ఆమె కడుపు నిండా తిన్నది ఆ పూటే.

సముద్రానికి ఐదు వందల కిలోమీటర్ల దూరంలో, పట్టిన చెమట పట్టినట్టే ఆరి చొక్కాల మీద ఉప్పై మిగిలే ఆ క్యాంపులో ఉమామహేష్‌కి ఇచ్చిన మంచం, ఇంట్లో బెంగపడతారని బోటు పనేనంటూ అబద్ధం చెప్పిన కన్నబాబు వడదెబ్బకి కూలిపోయేదాకా పడుకున్న మంచమే.