కన్నతండ్రి ఓటు

ఇప్పుడు మన దేశపు ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ లేడు. ఆట చూస్తూ జనం అనే మాటల్ని ఫోన్లు విని, ఓట్లుగా లెక్కేసి, ఎవరు ఆడాలో ఎవరు దిగిపోవాలో తేలుస్తాయి. బంతిని ఏనాడూ తన్ననివాళ్లంతా కోచ్‌లే, ఛీ!

నా పంక్చర్ షాపులో టీవీ పెట్టాను. నా కూతురు హంపమ్మకు దేశం తరఫున ఇదే మొదటి ఆట.

"ముందు ఆడే నీ పిల్లను వెనక నిలబెట్టినారు, థూ!" అన్నాడు పక్క కొట్టు వన్నూరప్ప.

"వెనక ఎవురూ లేరని ఇందాక అరిచింది నువ్వే గదప్పా!" అన్నాను.

అంతలో హంపమ్మ కాళ్ల సందునుంచి బంతి జారిపోయింది. ఇంట్లో తిట్టి తిట్టి అలవాటైన నా నోరు ఆగలేదు.

"దీనికేం చేతగాదు."

జేబులో ఫోన్ పలికింది: "మీరు కన్నతండ్రి కాబట్టి మీ మాటను లక్ష ఓట్లుగా లెక్కించాం."

హంపమ్మ తల వంచుకుని మైదానం బయటికి నడిచింది. వన్నూరప్ప నా వైపు చూసి ఉమ్మేశాడు. నాకూ ఉమ్మాలనిపించింది గానీ, నోరు ఎండిపోయింది.