గీజరు పేటెంటు

మా లక్ష్మిప్రసన్న హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "కేసు ఓడిపోయాం నాన్నా," అంది. బహ్రెయిన్లో, జుఫైర్ పేటలోని ఒక హోటల్లో రిపేరుకొచ్చిన గీజరు విప్పుకుని కూర్చున్న నేను స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాను.

మేడ మీద ట్యాంకులో నీళ్లు ఎండకే కాగి ఉంటే, గీజరును దానంతట అదే ఆపేసే ఎలక్ట్రానిక్ పెట్టె గురించి ఆ కేసు. పేటెంటు మా అమ్మాయి పేరు మీదే ఉంది. దాన్ని కాపీ కొట్టారని వాళ్ల కంపెనీ ఇంకో కంపెనీ మీద కేసు వేసింది. ఓడితే పిల్ల ఉద్యోగం పోతుందేమోనని రెండేళ్లుగా నాకు ఒకటే బెంగ.

"మనల్ని ఓడించింది ఎవడమ్మా?"

"ఇంకెవరు, నువ్వే!"

"నేను కోర్టు గుమ్మమే ఎక్కలేదు కదే!"

"ఈ ఆలోచన నీకెక్కడిదని కోర్టులో అడిగారు. నేను మూడో క్లాసులో ఉన్నప్పుడే మా నాన్న బహ్రెయిన్లో తయారు చేసి, మా బిల్డింగులో ఇంటింటికీ బిగించాడని చెప్పేశాను. ముందే ఉన్నదానికి పేటెంటు ఏమిటని, తీర్పులో నీ పేరు రాసి మరీ రద్దు చేసేశారు."

"చెప్పకుండా ఊరుకోవచ్చు కదే, పిచ్చిమొహమా!" అని తిట్టానే గానీ సంతోషం పట్టలేకపోయాను. ఏడో క్లాసు చదివిన నా పేరు కోర్టు తీర్పులోకి ఎక్కింది మరి!

"ఇంతకీ నీ ఉద్యోగం?"

"ఉంది. ఇకమీదట ఏది కనిపెట్టినా ముందు మీ నాన్నని అడిగి రమ్మన్నాడు మా మేనేజరు."

ఇన్నేళ్లలో నా సొంతంగా ఏమేం చేసి బిగించానో వరసగా చెప్పడం మొదలుపెట్టాను.

"ఆగు నాన్నా," అంది నవ్వుతూ. "నేను కనిపెట్టడానికి ఒక్కటన్నా మిగల్చు!"