బెదరని పిల్ల

పరీక్షల బెంగ పోవాలని పిల్లల మెడ వెనక భయం తీసేసే బిళ్ల అతికించడం మొదలయ్యాక, కాకినాడ చెస్ క్లబ్బులో వీర్రాజుగారి పప్పులు ఉడకడం మానేశాయి. ఆయనది మీదపడి ఆడే ఆట. ఎదుటివాడి చెయ్యి వణికితేనే పారుతుంది.

ఆ సాయంత్రం పదేళ్ల హన్వికతో ఆడుతూ, ఆమె రాజు మీదికి ఏనుగుని, గుర్రాన్ని తోలి, చివరికి తన మంత్రినే బలి పెట్టారు. ఆ పిల్ల తొణకలేదు, బెణకలేదు.

"తీసేసుకుంటున్నానండి తాతగారూ," అంది. కాసేపటికి ఆయనకే ఆటకట్టయింది.

భయం తెలియని పిల్లల్ని, వాళ్లతో ఆట ఆడిన పెద్దవాళ్లే చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాలి. అది క్లబ్బు నియమం. వీర్రాజుగారు మాత్రం పావుల్ని వెనక్కి పేర్చుకుంటూ, ఎక్కడ తప్పానా అని వెతుక్కుంటూ బల్ల ముందే ఉండిపోయారు.

"నీ వయసులో నేనైతే వణికి చచ్చేవాణ్ణమ్మా," అన్నారు తలెత్తకుండానే.

తలెత్తి చూస్తే, ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది.

బయట లారీ హారన్ ఆగకుండా మోగుతోంది. ఆయన గుమ్మంలోకి పరిగెత్తేసరికి హన్విక నడిరోడ్డు మీద నిలబడి, ఇందాక మంత్రిని చూసినట్టే, మీదికొస్తున్న లారీని నిదానంగా చూస్తోంది.