డిక్కీలో ఇనుప పెట్టె

“ఇంకో సుట్టు బిగియ్యి ఐలయ్యా. జర కదులుతున్నది.”

అంబాసిడర్ డిక్కీలో తల దూర్చి కనకమ్మ ఇనుప పెట్టెను రెండు చేతులా గుంజి చూసింది. రైసుమిల్లు ఫిట్టరు ఐలయ్య నుదురు తుడుచుకున్నాడు.

“ఇంక బిగిస్తే పెట్టె కాదమ్మా, కారే ఇరుగుతది.”

అరుగు మీద వక్క నములుతున్న ఆమె భర్త, మిల్లు సావుకారు నాగేశ్వర్ రావు పకపకా నవ్వాడు. పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో మిర్యాలగూడకంతా కార్లు ఎన్నని! ఆ మిల్లు సావుకారి కారులో పిస్తోలు ఉంటుందని ఊళ్లో తెలియనివాళ్లు లేరు. చిక్కు కూడా దాంతోనే వచ్చింది. పోయిన మాఘంలో సూర్యాపేట బజారులో అది వెనక సీటు మీద, ఉత్త తువ్వాల కింద, పోలీసుల కంటబడింది. వచ్చే తనిఖీకి కారులో దాన్ని భద్రం చేసినట్టు చూపించకపోతే లైసెన్సు రద్దేనని ఇన్‌స్పెక్టరు గట్టిగా చెప్పాడు. ఆ తనిఖీ ఇవాళే, సాయంత్రం నాలుగింటికి.

“డాష్‌బోర్డుల పెడితే సరిపోయేది కదనే,” అన్నాడు నాగేశ్వర్ రావు.

“గుంత వచ్చినప్పుడల్లా అది నోరు తెరుస్తది. మీరేమో బజ్జీల బండి కనబడితే దిగిపోతరు. పోయినసారి కారుకాడ కూసోమంటే కూసున్నరా?”

“పొట్లం బజ్జీలకు యాడాది సంది తిడుతున్నవ్.”

“తిట్టనా మరి? మా నాయిన గుర్తుగా మిగిలింది అదొక్కటే. లైసెన్సు పోతే నాకు మా నాయిన మళ్లా పోయినట్టే.”

ఆ మాటకు ఆయన నవ్వు ఆగిపోయింది. గుండ్లు తీసి వేరే డబ్బాలో సర్దారు. ఉత్త పిస్తోలు ఇనుప పెట్టెలోకి పోయింది, తాళం పడింది, తాళంచెవి కనకమ్మ బొడ్లోకి చేరింది.

ముందుగా చుట్టు తిరిగి కోదాడ పోయారు, అక్కడ నాగేశ్వర్ రావు చెల్లెలింట అన్నప్రాసన. బూరెలు, పులిహోర, గుత్తివంకాయ. ఆ ఇంట్లో నెయ్యి గరిటెతో కాదు, చెంబుతోనే పోసేవాళ్లు. పంక్తిలో పక్కనే కూర్చున్న చెల్లెలి భర్త ఉపేందర్ ఊరుకుంటాడా!

“బావగారూ, పిస్తోలు తెచ్చారంటగా? ఒక్కసారి చూపించండి.”

“పిస్తోలు లేదు గిస్తోలు లేదు. ఇంకో బూరె ఎయ్యమను.”

“ఇందాకటి నుంచీ కారు వంకే చూస్తున్నారు, నాకు తెలీదా?”

“తాళంచెవి గామె కాడున్నది. దమ్ముంటే పోయి అడుగు.”

ఉపేందర్ తలెత్తి కనకమ్మ ముఖం చూశాడు. అడగబుద్ధి కాలేదు.

“మిల్లు సావుకారు అయ్యుండి తాళంచెవి అక్కయ్యగారి చేతికిస్తారా!” అని గొణిగాడు. పంక్తంతా గొల్లుమంది. నాగేశ్వర్ రావు కూడా నవ్వేసి, బూరెకు గుంట చేసి నెయ్యి పోయించుకున్నాడు.

నాలుగుకు పది నిమిషాలుందనగా కారు సూర్యాపేట ఠాణా ముందు ఆగింది. ఇన్‌స్పెక్టరు డిక్కీ తెరిపించి ఇద్దరు కానిస్టేబుళ్లను పిలిచాడు.

“పీకండి.”

వాళ్లు పట్టి గుంజారు. కారు ఉయ్యాలలా ఊగింది, పెట్టె మాత్రం కదలలేదు. కనకమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. ఇన్‌స్పెక్టరు తాళం తీయించాడు, పిస్తోలు ఖాళీగా ఉందో లేదో తిప్పి చూశాడు, గుండ్ల డబ్బా వేరేగా ఉండటం చూశాడు.

“ఇంత బందోబస్తు నేనెక్కడా చూడలేదు. ఎవరి ఆలోచన?”

“మా ఇంటామెది సార్. నాకు తిండి ఆలోచన తప్ప ఏమున్నది!”

ఇన్‌స్పెక్టరు నవ్వుతూ రిజిస్టరు తెరిచి, ఓ గీత మీద వేలు పెట్టాడు.

“రద్దు మాట ఇక లేదు. లైసెన్సుదారు ఇక్కడ సంతకం చేయాలి.”

నాగేశ్వర్ రావు కలం మూత తీసి కనకమ్మ చేతికిచ్చాడు.