వద్దనడం నేర్పే క్లాసు

“ఒక్క గారె బిడ్డా. నా మీద ఒట్టు. నేను సచ్చినంక నీకు ఎవలు పెడ్తరు చెప్పు?”

గారె రాఘవేందర్ నోటి దాకా వచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. చెయ్యి కూడా అడ్డం పెట్టాడు. ఇక మిగిలింది “వద్దు పెద్దమ్మా, కడుపు నిండింది” అనడమే. ఆ మాట అనడానికే నోరు తెరిచాడు.

తెరిచిన నోట్లోకి గారె ముక్క వెళ్ళిపోయింది.

“అయిపోయింది! మళ్ళీ ఓడిపోయారు” అంటూ సుమశ్రీ చప్పట్లు కొట్టి అందరినీ ఆపేసింది.

అది పంజాగుట్టలో బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే ఒక ఆసుపత్రి. సుమశ్రీ అక్కడ డైటీషియన్. పండగలు దగ్గరపడితే, ఆపరేషన్ అయినవాళ్లకు సాయంత్రాలు ఈ క్లాసు పెడుతుంది. “డాక్టరుగారు మీ పొట్ట తగ్గించారు గానీ, మీ చుట్టాల మర్యాదలు తగ్గించలేదు కదండీ” అంటుంది నవ్వుతూ. క్లాసులో ఒకరు తినేవాళ్లు, మిగతావాళ్లు బలవంతం చేసే చుట్టాలు. నొప్పించకుండా వద్దనడం వచ్చేస్తే పాసైనట్టే, మళ్ళీ రానక్కర్లేదు.

సత్తెమ్మ, భార్గవ్ మొదటి వారమే పాసైపోయారు. అమీర్‌పేటలో జాకెట్లు కుట్టే సత్తెమ్మ ఇప్పుడు రాఘవేందర్‌కు పెద్దమ్మ వేషం వేస్తోంది. సాఫ్ట్‌వేర్ కుర్రాడు భార్గవ్‌ది బావ వేషం. పాపం, రాఘవేందర్ ఒక్కడే మిగిలిపోయాడని జాలిపడి వస్తున్నారు.

ఎవరింట్లో ఎలా బలవంతపెడతారో ముందుగా వాళ్లనే చెప్పమంటుంది సుమశ్రీ. మిగతావాళ్లు “తినమంటారండీ” అని ఊరుకున్నారు. రాఘవేందర్ మాత్రం పూసగుచ్చినట్టు చెప్పాడు. పెద్దమ్మ ముందు బతిమాలుతుందట. తర్వాత ఒట్టు పెడుతుందట. అప్పటికీ తినకపోతే గోడవైపు తిరిగి కూర్చుంటుందట. బావయితే తన పళ్లెంలోని మటన్ నల్లిబొక్క తీసి ఈయన పళ్లెంలో వేస్తాడట. చెబుతున్నంతసేపూ ఆయన మొహం కళకళలాడిపోయింది. సత్తెమ్మకు అసూయ కూడా కలిగింది.

“ఇవాళే ఆఖరి క్లాసు, ఎల్లుండే దసరా. ఇంకొక్కసారి చూద్దాం. భార్గవ్, నువ్వు రా” అంది సుమశ్రీ.

“ఏంటి బామ్మర్దీ, మా ఇంటి మటన్ నచ్చలేదా?” అన్నాడు భార్గవ్.

“ఏంటి కాదు పిలగా, ఏంది! గాయన బావ మన దిక్కోడు” అని సత్తెమ్మ సరిదిద్దింది.

“ఏంది బామ్మర్దీ, నాతోని అలిగినవా?” అని భార్గవ్ ఒక ముక్క తీసి ఆయన గిన్నెలో వేశాడు.

రాఘవేందర్ ఆ ముక్క వైపు చూశాడు. భార్గవ్ వైపు చూశాడు. “అలుగుడేంది బావా” అని ముక్క నోట్లో వేసుకున్నాడు.

సుమశ్రీ తల పట్టుకుంది.

“నాకర్థం కాదండీ. రోజూ మీరు ఫోన్లో పంపే తిండి వీడియోలు చూస్తే ముచ్చటేస్తుంది. ముందు గుడ్డు, తర్వాత పప్పు. చిన్న గిన్నె. మెత్తగా నమిలి చెంచా కింద పెట్టడం. మధ్యలో నీళ్లు తాగకపోవడం. గదిలో ఒక్కరే ఉన్నప్పుడు ఇంత నిగ్రహం కదా, నలుగురు కనబడితే అదంతా ఎక్కడికి పోతుంది?”

ఆయన తల వంచుకుని నవ్వాడు.

“నవ్వులాట కాదు. ఇక్కడంటే ముక్కే. అక్కడ ఒక ముద్ద ఎక్కువైతే వాంతులు, నొప్పి. పండగపూట ఎమర్జెన్సీకి పరుగెత్తాలి.” ఆమెకు నిజంగానే భయం వేసింది. “ఒక పని చేద్దాం. మీకోసం క్లాసు దీపావళి దాకా పొడిగిస్తాను. ఈ దసరాకు మాత్రం పెద్దమ్మగారింటికి వెళ్ళొద్దు.”

బతిమాలతాడనుకున్నారు. కళ్లనీళ్లు పెట్టుకుంటాడేమో అనుకున్నారు.

“సరే మేడం” అన్నాడు రాఘవేందర్ వెంటనే.

కిందికి వచ్చాక భార్గవ్ బండెక్కి వెళ్ళిపోయాడు. రోడ్డు పక్కన బంతిపూలు గుట్టలు పోసి అమ్ముతున్నారు. మెట్రో మెట్ల దాకా ఆయనతో నడిచిన సత్తెమ్మ అక్కడ ఆగిపోయింది. ఆమెకు మనసు మనసులో లేదు.

“తమ్మీ, మేడం చెప్పింది గానీ నాకు పానం ఒప్పుతలేదు. ముసల్ది అన్నీ వండుకొని నీకోసం వాకిట్ల కూసుంటది. నువ్వు పోకుంటే గామె ముద్ద ముడ్తదా?”

“ఏం గాదక్కా.”

“ఎట్ల గాదు? జర ఆమె నంబరియ్యి. నాకు సుత గిదే ఆపరేషన్ అయిందని చెప్త. తమ్ముడు వస్తడు, జర తక్కువ పెట్టమ్మా అంట. ఆడోళ్లం మేం మాట్లాడుకుంటం.”

“ఆమెకు ఫోన్ లేదక్కా.”

“బావకు ఉంటది గద?”

పైన మెట్రో రైలు పెద్ద చప్పుడుతో వచ్చింది. ఆ చప్పుడులో రాఘవేందర్ ఏమీ వినబడనట్టు నిలబడ్డాడు. రైలు వెళ్ళిపోయింది. సత్తెమ్మ ఫోన్ పట్టుకుని అలాగే చూస్తోంది.

“ఎవరి నంబరియ్యాలక్కా, నాకు పెద్దమ్మా లేదు బావా లేడు, ఇంట్ల మనుషులుంటే గట్ల తినుమంటరేమోనని నేను అనుకున్నయే మీకు చెప్పిన.”