రాజీపెట్టె

విడాకుల కోసం కోర్టుల చుట్టూ తిరిగే రోజులు పోయాయి. ఇప్పుడు మొగుడికొకటి, పెళ్లానికొకటి రాజీపెట్టె ఇస్తారు. వాళ్ల గొంతులతో అవే మాట్లాడుకుంటాయి. అవి ఒప్పుకున్నాక ఇక తిరుగులేదు. తన పెట్టెకు మాటలు నేర్పడానికి ఇందుమతి పదకొండేళ్ల కాపురంలో తను మాట్లాడిందంతా ఇచ్చేసింది.

ఆమె వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే, హాల్లో భర్త చక్రధర్ పక్కనున్న పెట్టె అడిగింది.

"విడిపోవడం ఎందుకు ఇందూ? ఇకమీదట చెయ్యెత్తను."

కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. దెబ్బ పడిన ప్రతిసారీ విన్న మాటే అది.

"ఒప్పుకోకు, విడిపోతానని చెప్పు," అని పక్కనున్న తన పెట్టెను బతిమాలింది. మాటలు మొదలయ్యాక పెట్టెలు మనుషుల్ని పట్టించుకోవు.

"సరేలెండి," అంది పెట్టె, అచ్చం ఆమె గొంతుతో. "సర్దుకుపోతాను."

హాల్లో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.